అట్టు వేసినట్టే బొమ్మ వేయండి: ట్యాబ్ మీద పెసరట్టు

అట్టు "వేస్తాం" అంటాం. బొమ్మ కూడా "వేస్తాం" అనే అంటాం. ట్యాబ్ మీద వంటకాల బొమ్మలు మొదలుపెట్టిన చాలా రోజులకు గానీ ఈ రెండు వేయడాలూ ఒకటేనని నాకు తట్టలేదు. పెనం మీద ఏది ముందు జరుగుతుందో లేయర్లలోనూ (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి పొరలు) అదే ముందు జరగాలి. ముందు పిండి, తర్వాత గరిటె తిప్పిన చారలు, ఆ తర్వాత అంచు చుట్టూ నూనె, ఆ నూనెకి పట్టిన ఎరుపు. ఈ వరసలో వేసిన బొమ్మ చూస్తే నోరూరుతుంది. వరస తప్పితే, గంటలకొద్దీ కూర్చుని వేసినా పచ్చ గుడ్డ మడిచి పెట్టినట్టే ఉంటుంది.

అందుకే రకరకాల వంటకాల జోలికి పోకుండా ఒక్క పెసరట్టునే మొదటి నుంచి చివరిదాకా వేసి చూపిస్తాను. లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి, కింద స్టీలు పళ్ళెం. ఇది వచ్చిందంటే కరకరలాడేది, మెత్తనిది, తడిది, లోహం, నాలుగూ మీ చేతికి వచ్చినట్టే.

ఏం కావాలి

ఐప్యాడ్ ఉంటే ప్రోక్రియేట్ అనే బొమ్మల యాప్ తీసుకోండి. ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టక్కర్లేదు. ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే క్రిటా ఉచితంగా దొరుకుతుంది, ఐబిస్ పెయింట్ కూడా బాగుంటుంది. నేను చెప్పే పద్ధతి వీటిలో దేనిలోనైనా పనికొస్తుంది.

యాప్ కంటే పెన్ ముఖ్యం. గట్టిగా నొక్కితే మందంగా, తేలిగ్గా నొక్కితే సన్నగా గీత పడాలి. చవగ్గా దొరికే రబ్బరు మొన పెన్నులకి ఆ గుణం ఉండదు. యాపిల్ పెన్సిళ్ళలోనూ యూఎస్‌బీ-సి మోడల్‌కి ఈ ఒత్తిడి తెలియదు. ధర తక్కువని అదే కొనేసి తర్వాత బాధపడేవాళ్ళు ఉన్నారు, కొనేముందు చూసుకోండి. శాంసంగ్ ట్యాబ్ ఎస్ సిరీస్‌లో ఎస్ పెన్ పెట్టెలోనే వస్తుంది.

ఇంకో చిన్న విషయం. రాత్రిపూట స్క్రీన్‌ని పసుపుగా మార్చే సెట్టింగ్, గది వెలుతురుని బట్టి రంగు మార్చే సెట్టింగ్, రెండూ ఆపేయండి. లేకపోతే పొద్దున్నే లేచి చూసేసరికి రాత్రి వేసిన పెసరట్టు నీలంగా కనిపిస్తుంది.

కాన్వాస్ 3000 × 3000 పిక్సెళ్ళు, 300 డీపీఐ (ప్రింట్‌లో అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె) పెట్టండి. ప్రింట్ తీస్తే 10 అంగుళాల చదరం వస్తుంది. ఏ4 కావాలంటే 2480 × 3508. చిన్న కాన్వాస్ మీద వేసి తర్వాత సాగదీస్తే గీతలన్నీ మసకబారతాయి. అలాగని మరీ పెద్దది పెడితే ప్రోక్రియేట్‌లో లేయర్ల సంఖ్య తగ్గిపోతుంది.

ముందు వంటింట్లోకి

మీ బొమ్మకి మీ ఫోటోనే వాడండి. నెట్‌లో దొరికిన ఫోటో మీద గీసేస్తే ఆ కష్టం ఇంకొకరిది, హక్కూ వాళ్ళదే. పెసరట్టు వేసుకోవడం ఎంతసేపు!

పళ్ళెం కిటికీ పక్కన పెట్టి, ట్యూబ్‌లైట్ ఆపేయండి. వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి. పళ్ళేనికి వెనక, కొంచెం ఎడమగా కిటికీ ఉంటే అట్టు మీద ఎగుడుదిగుళ్ళన్నీ తేలి కనిపిస్తాయి. మన వెనక నుంచి వెలుతురు పడితే అట్టు అట్టముక్కలా ఉంటుంది. సరిగ్గా పైనుంచి తీస్తే మందం తెలియదు, కాబట్టి భోజనానికి కూర్చున్నప్పుడు పళ్ళెం ఎలా కనిపిస్తుందో ఆ ఏటవాలు నుంచి తీయండి. త్వరగా తీయండి. ఐదు నిమిషాలు దాటితే నూనె మెరుపు పోతుంది, అంచు మెత్తబడుతుంది. నేనైతే అంచు, మడత, పచ్చడి విడివిడిగా దగ్గర నుంచి నాలుగైదు తీసుకుంటాను. ఆ తర్వాత తినేయొచ్చు.

తినేటప్పుడు కూడా కాస్త గమనించండి. తుంచినప్పుడు అంచు ఎలా విరిగింది, మధ్యలో ఎలా సాగింది, వేలికి నూనె ఎక్కడ అంటింది. ఇవి ఫోటోలో దొరకవు.

గీత

ముందు పళ్ళెం. కోడిగుడ్డు ఆకారంలో గీత గీసి, పెన్ ఎత్తకుండా చివర్లో ఆపి పట్టుకుంటే ప్రోక్రియేట్ దాన్ని నున్నగా సరిచేస్తుంది. పళ్ళెం అంచుకి లోపల ఇంకో గీత, అంతే.

అట్టుకి మాత్రం ఈ సాయం తీసుకోకండి. చేత్తోనే గీయండి. మడిచిన అట్టు అర్ధచంద్రాకారంలో ఉంటుంది కానీ దాని రెండు వైపులూ ఒకేలా ఉండవు. మడత వైపు దిండు అంచులా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. తెరుచుకున్న వైపు పలచగా, వంకరటింకరగా, అక్కడక్కడా చిల్లులతో ఉంటుంది. పై పొర, కింది పొర ఎప్పుడూ సరిగ్గా కలవవు. ఒక చోట పైది కాస్త లేచి లోపల ఉప్మా కనిపించాలి. ఆ సందే ఈ బొమ్మకి ప్రాణం, అది ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోండి.

గీత లేయర్ ఒపాసిటీ (కింది పొరని ఎంత కప్పేస్తుందో ఆ కొలత) 25 శాతానికి తగ్గించి అన్నిటికంటే పైన ఉంచండి. రంగు వేయడం అయ్యాక దాన్ని తీసేస్తాం.

పిండి: అసలు ఆ పచ్చరంగు ఎక్కడిది?

కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాసేపు ఆగుతున్నాను.

పెసరట్టు ఆకుపచ్చ అని మనకో నమ్మకం. ఆ నమ్మకంతో ఆకురంగు తీసి పూసేస్తాం, అది గోరింటాకు ముద్దలా తయారవుతుంది. మీ ఫోటో తెరిచి రంగు పట్టే డ్రాపర్‌తో అట్టు మధ్యలో తాకండి. మీరు ఆశ్చర్యపోతారు. వచ్చేది పచ్చ కాదు, మసక పసుపు. పొట్టు పెసలు రుబ్బినప్పుడు లోపలి పప్పు పసుపు, పైపొట్టు ముదురు పచ్చ. రుబ్బు ఎంత మెత్తగా ఉన్నా ఆ పొట్టు చిన్న చిన్న నలుసులుగా మిగులుతుంది. పసుపు మీద ఆ పచ్చ నలుసులు కలిసి దూరం నుంచి మన కంటికి పెసర రంగుగా అందుతాయి.

బొమ్మలోనూ అదే చేయండి. రంగుల పెట్టెలో హ్యూ (ఏ రంగో), శాచురేషన్ (రంగు ఎంత గాఢమో), బ్రైట్‌నెస్ (ఎంత వెలుగో) అంకెలు కనిపించే చోటికి వెళ్ళి హ్యూ 54, శాచురేషన్ 58, బ్రైట్‌నెస్ 68 పెట్టండి. ఆ రంగుతో అట్టు ఆకారం మొత్తం ఒకే లేయర్‌లో నింపండి. ఇది మీ పిండి. దీని పైన కొత్త లేయర్ తెరిచి క్లిప్పింగ్ మాస్క్ చేయండి. అప్పుడు మీరు పైన ఏం వేసినా పిండి పరుచుకున్నంత మేరే పడుతుంది, పళ్ళెం మీదికి పోదు. ఈ లేయర్‌లో హ్యూ 85, శాచురేషన్ 50, బ్రైట్‌నెస్ 38 తీసుకుని, స్ప్రే లాంటి గరుకు బ్రష్‌తో సన్నటి నలుసులు చల్లండి. అన్ని చోట్లా సమానంగా వద్దు. ఒక చోట గుంపుగా, ఒక చోట అసలు లేకుండా. తర్వాత బొమ్మని చిన్నది చేసి చూడండి, పెసర రంగు తనంతట తనే వచ్చి ఉంటుంది.

గరిటె చారలు, కాల్పు

మడిచిన పెసరట్టులో మనకి పైన కనిపించేది పెనానికి అంటుకుని కాలిన వైపు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు చల్లేది రెండో వైపు, అంటే మడత లోపల. నేను మొదట్లో వేసిన ఒక బొమ్మలో అట్టు పైన నిండా ఉల్లిపాయ ముక్కలు చల్లి, ఒక్కోదానికీ నీడలు కూడా పెట్టి అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదేంటే, ఉల్లిపాయలు పెనం వైపు వేశావు? మాడిపోవూ?" అంది. రెండు రోజుల పని. ఆ ముక్కలన్నీ తీసేశాను. తీశాకే ఆ బొమ్మ నిజం పెసరట్టులా కనిపించింది. అప్పటినుంచి ఏ వంటకం బొమ్మైనా ముందు దాన్ని ఎలా వండుతారో రాసుకుని గానీ పెన్ పట్టుకోను.

కాబట్టి ఉల్లిపాయలు ఆ తెరుచుకున్న సందు దగ్గర మాత్రమే, ఐదారు ముక్కలు. సగం పిండిలో కూరుకుని ఉండాలి, పైన తేలకూడదు.

ఇక కాల్పు. గరిటె తిప్పినప్పుడు పిండి ఒక చోట పలచగా, పక్కనే మందంగా వలయాలుగా పడుతుంది. పలచటి చోట త్వరగా ఎర్రబడుతుంది, మందం ఉన్న చోట లేతగా ఉండిపోతుంది. అంటే మీకు కావాల్సింది చుట్లు చుట్లుగా ఒక ఎరుపు, ఒక లేత పసుపు. కొత్త లేయర్ తీసి మల్టిప్లై మోడ్‌లో (కింది రంగుని ముదురు చేస్తూ కలిసిపోయే పద్ధతి) పెట్టండి, మళ్ళీ క్లిప్పింగ్ మాస్క్. హ్యూ 30, శాచురేషన్ 55, బ్రైట్‌నెస్ 80. పొడి చాక్‌పీసు గీతలా విరిగివిరిగి పడే బ్రష్‌తో, అట్టు మధ్య అనుకున్న చోటు నుంచి వంపులుగా లాగండి. అట్టు మడిచి ఉంది కాబట్టి మధ్య అనేది మడత అంచు మీదే ఉంటుంది, సగం వలయాలే కనిపిస్తాయి. చేయి మొత్తం కదిలించి ఒక్క ఊపులో లాగండి. వేళ్ళతో గీస్తే వణుకు తెలిసిపోతుంది. బాగా రాకపోతే రెండు వేళ్ళతో స్క్రీన్‌ని తట్టి, వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగండి.

అంచు చుట్టూ నూనె వేస్తాం, అక్కడ పిండి కూడా పలచన. అందుకే అన్నిటికంటే ముదురు రంగు అంచుదే. హ్యూ 20, శాచురేషన్ 75, బ్రైట్‌నెస్ 32 తీసుకుని అంచు వెంబడి సన్నగా తాకిస్తూ వెళ్ళండి, మధ్యమధ్యలో వదిలేస్తూ. గీత తెగకుండా చుట్టూ తిప్పితే బొమ్మకి కాటుక పెట్టినట్టు ఉంటుంది. చివరగా పిండి లేయర్‌కి వెళ్ళి, చిన్న గట్టి రబ్బరుతో అంచుని అక్కడక్కడా కొరికినట్టు చెరపండి. కరకర వచ్చేది అక్కడే.

నీడకి నలుపు వద్దు

తిండి బొమ్మలో నల్ల రంగు కలిపితే అది నిన్నటి తిండి అయిపోతుంది. నీడ కూడా ఒక రంగే.

అమెరికాలో వేన్ తీబో అనే చిత్రకారుడు ఉండేవారు, 1920 నుంచి 2021 దాకా బతికారు. కేకులు, పైలు, ఐస్‌క్రీములు వేయడంలో ఆయనకి ఆయనే సాటి. ఆయన నీడల్లో నీలం ఉంటుంది, వస్తువుల అంచుల వెంబడి సన్నటి రంగు గీతలు ఉంటాయి. కేకు మీద క్రీమ్ వేయాల్సి వస్తే రంగుని కూడా క్రీమ్ పూసినట్టే మందంగా పూసేవారు. నేను ఇందాక చెప్పిన అట్టు వేసే మాటకి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు దొరకలేదు. ఆయన బొమ్మలు వెతికి, పెద్దవి చేసి, నీడల దగ్గర కాసేపు ఆగి చూడండి.

మన అట్టుకి రెండు నీడలు కావాలి. అట్టు మీద పడే నీడ వెచ్చగా ఉండాలి: మల్టిప్లై లేయర్, హ్యూ 18, శాచురేషన్ 35, బ్రైట్‌నెస్ 60. కిటికీ వెనక ఎడమగా ఉంది కాబట్టి నీడ ముందువైపు, కుడివైపు. పళ్ళెం మీద పడే నీడ చల్లగా ఉండాలి: హ్యూ 230, శాచురేషన్ 20, బ్రైట్‌నెస్ 55. అట్టు పళ్ళేన్ని తాకే చోట ఈ నీడ సన్నగా, చిక్కగా, అంచు తెగినట్టు ఉండాలి. దూరం వెళ్ళేకొద్దీ మెత్తబడాలి. ఆ సన్నటి చిక్కటి గీత లేకపోతే అట్టు గాలిలో తేలుతుంది. మడత లోపలి సందులో మాత్రం ముదురు ఎర్రమట్టి రంగు వేయండి, అక్కడ వేడి ఉందని కంటికి తెలుస్తుంది.

ఉప్మా, పచ్చడి

ఉప్మాలో ప్రతి రవ్వ గింజా వేయబోకండి. సందులో లేత మీగడ రంగు ముద్ద వేసి, అంచున మాత్రం పదిపదిహేను గింజలు విడిగా చూపిస్తే మిగతాది చూసేవాళ్ళ కన్నే నింపుకుంటుంది. రెండు ఆవాలు, ఎర్రగా వేగిన ఒక శనగపప్పు బద్ద, ఒక్క కరివేపాకు. కరివేపాకు పోపులో వేగింది కాబట్టి ముదురుగా, ముడుచుకుని ఉండాలి. కొమ్మ నుంచి ఇప్పుడే తెంపినట్టు వేయకండి.

అల్లం పచ్చడి నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి కలిసిన రంగు అది, హ్యూ 12, శాచురేషన్ 80, బ్రైట్‌నెస్ 35. ముద్ద చేసి, మీద గరిట జారిన పల్లం ఒకటి పెట్టండి. ముద్ద చివర పలచబడి పళ్ళేనికి అంటుకున్న చోట వెలుతురు దానిలోంచి దూరి వస్తుంది. అక్కడ హ్యూ 18, శాచురేషన్ 90, బ్రైట్‌నెస్ 70 తో సన్నటి అంచు వేయండి. మాణిక్యంలా వెలుగుతుంది. ఆ ఒక్క గీతతో పులుపు, తీపి, కారం నాలుక మీదికి వస్తాయి. చుట్టూ ఊరిన నూనె కావాలంటే అదే రంగుని 30 శాతం ఒపాసిటీతో ఒక పలచటి వలయంగా పెట్టండి.

మెరుపులు

తడికి, పొడికి, లోహానికి తేడా చెప్పేది మెరుపు ఒక్కటే. పచ్చడి తడిది, దాని మెరుపు పెద్దది, ఒకటో రెండో, అంచులు స్పష్టంగా, పల్లం వంపుని అనుసరిస్తూ ఉండాలి. అట్టు మీద మెరుపు నూనెది, గరుకు మీద పడింది కాబట్టి చిన్న చుక్కలుగా పగిలి ఉంటుంది, అది కూడా వలయాల ఎత్తు భాగాల మీదే. ఉప్మాకి అసలు మెరుపు వద్దు, లేత రంగు చాలు. తిండి మీద మెరుపులకి తెల్లటి తెలుపు వాడకండి, కొంచెం పసుపు కలిసిన తెలుపు వాడండి. స్వచ్ఛమైన తెలుపు ఈ బొమ్మలో ఒకే ఒక చోట ఉండాలి, స్టీలు పళ్ళెం అంచు మీద.

స్టీలు గురించి భయపడేవాళ్ళు ఎక్కువ. దానికి సొంత రంగు లేదనుకోండి, భయం పోతుంది. ఫోటోలో కళ్ళు సగం మూసి చూస్తే నల్ల పట్టీలు, తెల్ల పట్టీలు పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు పెట్టేయండి, మధ్యలో కలపబోకండి. అట్టు పక్కన పళ్ళేనికి అట్టు పసుపు, పచ్చడి పక్కన ఎరుపు మసకగా అంటించండి. అప్పుడు మూడూ ఒకే గదిలో, ఒకే కిటికీ పక్కన ఉన్నట్టు ఉంటాయి. అరిటాకు మీద ఎందుకు పెట్టలేదని అడుగుతారేమో. పచ్చ మీద పెసర రంగు పెడితే అట్టు కలిసిపోతుంది. మొదటి బొమ్మకి స్టీలే మంచిది.

ఆవిరి వేయాలనిపిస్తే అది ఉప్మా సందులోంచి రావాలి. మెత్తటి బ్రష్, 15 శాతం ఒపాసిటీ, వెనక ముదురు రంగు ఉన్న చోట మాత్రమే. అట్టు మొత్తం పొగలు కక్కిస్తే కరకర పోయి తడిసిపోయినట్టు అనిపిస్తుంది.

పూర్తయ్యాక సరిచూడటం, ప్రింట్

అన్నిటికంటే పైన ఒక లేయర్‌ని నలుపుతో నింపి మోడ్‌ని కలర్‌కి మార్చండి. బొమ్మ బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. అందులో కూడా అట్టు, పచ్చడి, పళ్ళెం వేరువేరుగా తెలియాలి. తెలియకపోతే తప్పు వెలుగునీడల్లో ఉంది, రంగులు మార్చుకుంటూ కూర్చుని లాభం లేదు. తర్వాత ఆ లేయర్ తీసేసి, బొమ్మని అద్దంలోలా తిప్పి చూడండి. పళ్ళెం ఒక వైపుకి వాలితే అప్పుడే పట్టుబడుతుంది.

ఫోన్‌లో పెట్టుకోవడానికైతే పీఎన్‌జీగా సేవ్ చేస్తే సరిపోతుంది. మెనూ కార్డుకో, పచ్చడి సీసా లేబుల్‌కో అయితే మాత్రం జాగ్రత్త. మా బంధువుల టిఫిన్ సెంటర్ కోసం నేను వేసిన మెనూ కార్డు ప్రెస్ నుంచి వచ్చేసరికి పెసరట్టు బూడిద రంగులో, పచ్చడి నల్లగా ఉంది. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. మెరిసే పచ్చలు, నారింజలు సిరాలో అంతగా రావు. ప్రెస్ వాళ్ళు ముందే ఒక్క శాంపిల్ తీసి చూపించి ఉంటే బాగుండేది, నేను అడగాల్సింది కూడా. ఇప్పుడు ప్రింట్ పని అయితే కాన్వాస్ తెరిచేటప్పుడే సీఎంవైకే (ప్రెస్ సిరాల రంగుల పద్ధతి) ఎంచుకుంటాను, ప్రోక్రియేట్‌లో అది మొదట్లోనే ఎంచుకోవాలి. ముదురు రంగులన్నీ నాకు నచ్చినదానికంటే కాస్త లేతగా పెడతాను. శాంపిల్ చూడకుండా ఆర్డర్ ఇవ్వను.

పెసరట్టు అయ్యాక పూతరేకు వేసి చూడండి. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పలచటి బియ్యప్పిండి గుడ్డతో లాగి రేకు తీస్తారు కదా, బొమ్మలోనూ అంతే: 15 శాతం ఒపాసిటీతో ఒక తెల్లటి పొర, దాని మీద నెయ్యి పసుపు, బెల్లం పొడి, మళ్ళీ ఒక పొర. ఏడెనిమిది పొరలు అయ్యేసరికి లోపలి బెల్లం మసకగా కనిపించడం మొదలవుతుంది. అక్కడ ఆపండి.